చవక మడత కట్టర్లను పోల్చి ఎంచుకోవడం ఎలా: రోజువారీ పనులకు ఒక సమగ్ర మార్గదర్శి

పార్సిల్ పెట్టె విప్పడానికి, కరెంటు వైరు చివర తొక్క తీయడానికి, పురికొస తెంచడానికి, తోటలో నీళ్ల పైపు కోయడానికి వంటింటి చాకునే తీసుకువెళ్లే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దానివల్ల కూరగాయలు తరిగే చాకు పదును పోతుంది, పెట్టెల మీది టేపు జిగురు దానికి అంటుకుంటుంది, పొడవైన అలుగు అదుపు తప్పి చేతికి తగిలే ప్రమాదమూ ఉంటుంది. ఈ పనులన్నిటికీ జేబులో పట్టే మడత కట్టర్ ఒకటి ఉంటే చాలు. అయితే హార్డ్‌వేర్ దుకాణంలో అద్దాల బల్ల కింద పేర్చి ఉన్న కట్టర్లన్నీ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి, ఆన్‌లైన్ ఫొటోల్లో మరీ ఒక్కలాగే ఉంటాయి, ధరల్లో మాత్రం ఒకదానికీ మరొకదానికీ మూడు నాలుగు రెట్లు తేడా కనిపిస్తుంది. ఆ తేడాలో ఎంత భాగం పనికి వచ్చేది, ఎంత భాగం రంగుకూ పేరుకూ పోయేది అన్నది కొనేముందే తేల్చుకోవడానికి ఈ వ్యాసం ఉపయోగపడుతుంది. ఇక్కడ చవక అంటే వెయ్యి రూపాయలలోపు అని అర్థం.

ముందుగా ఒక మాట చెప్పాలి. కొనేవారిలో ఎక్కువమంది బ్లేడును వేలితో తడిమి పదును చూసి తృప్తి పడతారు. కొత్త బ్లేడు ఏ కట్టర్‌లో ఉన్నా పదునుగానే ఉంటుంది, కొన్ని వారాల్లో దాన్ని తీసి పారేసి మరొకటి వేసుకుంటాము. మన దగ్గర ఏళ్ల తరబడి మిగిలేది పిడి, ఆ పిడిలో బ్లేడును పట్టి ఉంచే దవడ, తెరిచిన దాన్ని మడతపడకుండా ఆపే లాక్. చవక రకాల్లో నాసితనం బయటపడేది సరిగ్గా ఈ చోట్లనే, ముఖ్యంగా దవడలో, లాక్‌లో కాబట్టి పోలిక కూడా అక్కడే జరగాలి.

మొదటి అడుగు: మీ పని ఏమిటో తేల్చుకోవడం

వారం రోజుల్లో మీరు ఏమేమి కోస్తున్నారో గుర్తు చేసుకుని ఒక కాగితం మీద రాసుకోండి. అట్టపెట్టెలు, టేపు, ప్లాస్టిక్ పట్టీలు మాత్రమే ఉంటే ఒక రకం చాలు. కొబ్బరి తాడు, రబ్బరు గొట్టం, ఫ్లోర్ మ్యాట్, జిప్సం బోర్డు వంటివి ఉంటే మరో రకం కావాలి. పండు కోయడం, చిన్న కర్ర చెక్కడం ఉంటే ఇంకో రకం చూడాలి. ఈ జాబితా లేకుండా దుకాణానికి వెళితే దుకాణదారు చేతికి ఏది అందితే అది కొనుక్కుని రావలసి వస్తుంది.

మార్కెట్లో చవకగా దొరికేవి మూడు కుటుంబాలు. స్టేషనరీ దుకాణంలో పేపర్ కట్టర్ అని అడిగితే ఇచ్చేది మొదటిది. దానిలో పొడవైన బ్లేడు మీద ఏటవాలు గీతలు ఉంటాయి, కొస మొద్దుబారినప్పుడు గీత దగ్గర విరిచేస్తే కొత్త కొస బయటపడుతుంది. 1956లో జపాన్‌లోని ఒసాకాలో యోషియో ఒకాడా రూపొందించిన ఈ పద్ధతి తర్వాత ఓల్ఫా కంపెనీగా విస్తరించింది, ఆయన ఎంచుకున్న 9, 18 మిల్లీమీటర్ల వెడల్పులే నేటికీ అందరూ పాటించే కొలతలు. కాగితం, పలుచని అట్ట, వాల్‌పేపర్ కోయడానికి దీన్ని మించింది లేదు. కాని బ్లేడు పొడవుగా బయటికి జరిగినప్పుడు గీతలున్న చోటే అది బలహీనం, పక్కకు ఒత్తిడి పడితే అనుకోకుండా విరిగి ముక్క ఎగురుతుంది. మడత లేకపోవడం వల్ల, జరిపే మీట జేబులో దానంతట అది కదిలే అవకాశం ఉండటం వల్ల, ఇది బల్ల మీద ఉండవలసిన పనిముట్టే తప్ప జేబులో తిరగవలసినది కాదని నా అభిప్రాయం.

రెండవది ఈ వ్యాసానికి కేంద్రమైన మడత కట్టర్. దీనిలో రెండు కొసలూ ఏటవాలుగా ఉన్న పొట్టి బ్లేడు ఒక దవడలో కూర్చుని ఉంటుంది, ఆ దవడ ఇరుసు మీద తిరిగి పిడిలోకి మడుచుకుంటుంది. మూడవది మామూలు మడత చాకు. దాని అలుగు మార్చడానికి వీలుండదు, మొద్దుబారితే సాన పట్టుకోవాలి. ఫ్రాన్స్‌లోని సవాయ్ ప్రాంతంలో 1890 నుంచి తయారవుతున్న ఒపినెల్ చాకు ఈ కుటుంబానికి మంచి ఉదాహరణ. కొయ్య పిడి, దాని మెడ దగ్గర తిప్పితే అలుగును బిగించే ఉక్కు ఉంగరం, అంతే దాని నిర్మాణం. ఆ ఉంగరం 1955లో వచ్చి చేరింది. అక్కడ అది సామాన్యుడి చాకే, మన దగ్గరకు దిగుమతి అయ్యేసరికి ధర పెరిగి మన హద్దు దాటుతుంది. పైగా వానాకాలంలో తేమకు కొయ్య ఉబ్బి అలుగు బయటికి లాగడం కష్టమవుతుంది. కోస్తా జిల్లాల్లో ఉండేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పండ్లు, రొట్టె, చిన్న కొమ్మలు కోసేవారికి మడత చాకు సరైనది. అట్టపెట్టెలతో రోజూ పని ఉన్నవారికి మాత్రం అది తరచూ సాన పట్టే శ్రమ తెచ్చిపెడుతుంది, ఎందుకంటే పాత కాగితం గుజ్జుతో చేసిన అట్టలో సన్నని మట్టి రేణువులు ఉండి పదునును త్వరగా అరగదీస్తాయి.

మీ జాబితాలో కట్టర్ అవసరమే లేని పనులు కూడా ఉండవచ్చు. ఎరువుల బస్తా, బియ్యం బస్తా మూతి కుట్టు గొలుసుకుట్టు కాబట్టి సరైన చివర దారం తెంచి లాగితే మొత్తం ఊడివస్తుంది, బస్తా కూడా చిరగకుండా మళ్లీ వాడుకోవడానికి మిగులుతుంది. అంట్లు కట్టడానికి ఒక వైపే నూరిన అంటు కత్తి ఉత్తమం. సన్‌మైకా కోయడానికి దాన్ని గీసి విరిచే ప్రత్యేకమైన పనిముట్టు వడ్రంగుల దగ్గర ఉంటుంది. ఈ మూడింటికీ మడత కట్టర్‌ను వాడి, పని సరిగా కాలేదని దాన్ని తిట్టుకోవడం న్యాయం కాదు.

రెండవ అడుగు: బ్లేడు కొలత అందరిదేనా అని చూడటం

మడత కట్టర్లకు పెద్ద వరం ఏమిటంటే, దాదాపు అన్ని కంపెనీలూ ఒకే కొలత బ్లేడును వాడతాయి. సుమారు 60 మిల్లీమీటర్ల పొడవు, 19 మిల్లీమీటర్ల వెడల్పు, 0.6 మిల్లీమీటర్ల మందం, వీపు మీద రెండు నొక్కులు. ఒక కంపెనీ పిడిలో మరో కంపెనీ బ్లేడు కూర్చుంటుంది కాబట్టి హైదరాబాద్ రాణిగంజ్‌లోనైనా, విజయవాడ వన్‌టౌన్‌లోనైనా, మీ మండల కేంద్రంలోని చిన్న హార్డ్‌వేర్ కొట్టులోనైనా దొరికిన బ్లేడుతో పని నడుస్తుంది. కాని కొన్ని చవక కట్టర్లు చూడముచ్చటగా చిన్నవిగా చేయడం కోసం తమకే ప్రత్యేకమైన బ్లేడును పెడతాయి. శస్త్రచికిత్స బ్లేడు ఆకారంలో ఉండే సన్నని రకం, వీపు మీద నొక్కులు లేని పొట్టి రకం, రెండు సూదుల మీద కూర్చునే రకం ఇలాంటివే. వీటిలో శస్త్రచికిత్స బ్లేడు రకం చాలా పదునైనదే గాని పక్కకు వంగితే టక్కున విరుగుతుంది, అట్టపెట్టెల మోటు పనికి అది తగదు. మిగిలిన రకాలకు మారు బ్లేడ్లు మీ ఊళ్లో దొరకవని తేలిన రోజు ఆ కట్టర్ వృథా అవుతుంది. అందువల్ల దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న కట్టర్ ధర గురించి కాదు, దాని మారు బ్లేడ్లు అదే దుకాణంలో ఉన్నాయా అన్నదే.

మూడవ అడుగు: బ్లేడు పట్టును పరిశీలించడం

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు కాబట్టి ఇక్కడ తొందర పడకూడదు. బ్లేడును పట్టి ఉంచే ఏర్పాట్లు మూడు రకాలు. మొదటి రకంలో దవడ రెండు రేకులుగా ఉండి, ఒక స్క్రూ వాటిని దగ్గరికి బిగిస్తుంది. గర్బర్ కంపెనీ ఈఏబీ అనే చిన్న ఉక్కు కట్టర్ ఇలాంటిదే. బ్లేడు మార్చాలంటే స్క్రూ డ్రైవరో నాణెమో కావాలి, స్క్రూ పోతే పని ఆగిపోతుంది. కాని పట్టు మాత్రం గట్టిది, అరిగిపోయే భాగాలు తక్కువ. రెండవ రకంలో చిన్న బొత్తాం నొక్కితే బ్లేడు వదులై బయటికి వస్తుంది, దవడ లోపలి బుడిపె ఒకటి బ్లేడు వీపు మీది నొక్కులో కూర్చుని దాన్ని పట్టుకుంటుంది. మిల్వాకీ ఫాస్ట్‌బ్యాక్‌లో, స్టాన్లీ మడత కట్టర్లలో, వాటిని చూసి తయారైన అనేక చవక రకాల్లో పనిముట్టు అవసరం లేకుండా బ్లేడు మార్చుకునే ఇలాంటి సౌకర్యం కనిపిస్తుంది. మూడవ రకంలో దవడ ఒక పక్క రేకు తలుపులా తెరుచుకుంటుంది.

రెండవ, మూడవ రకాల్లో మంచిదానికీ నాసిదానికీ తేడా ఆ బుడిపె ఎత్తులో, దాన్ని తోసే స్ప్రింగు బలంలో ఉంటుంది. దుకాణంలోనే చూడవలసిన పద్ధతి ఇది. కట్టర్ తెరిచి, బ్లేడు దవడలోకి వెళ్లే చోట బాల్ పెన్నుతోగాని మార్కర్‌తోగాని బ్లేడు మీద సన్నని గీత గీయండి. దుకాణదారు దగ్గర ముక్కు పటకారు అడిగి బ్లేడు కొసను పట్టుకుని నిటారుగా, ఓ మోస్తరు బలంతో ముందుకు లాగండి. వేళ్లతో లాగవద్దు. ఇప్పుడు గీతను చూడండి. అది దవడ అంచును అంటిపెట్టుకునే ఉంటే పట్టు బాగున్నట్టు. గీతకూ దవడ అంచుకూ మధ్య తెల్లని ఉక్కు సన్నగా కనిపిస్తే, అంటే అర మిల్లీమీటరో మిల్లీమీటరో జరిగితే, ఆ కట్టర్‌తో మందపాటి రబ్బరు కోసి బ్లేడు వెనక్కి లాగినప్పుడు బ్లేడు రబ్బరులోనే ఉండిపోయి పిడి ఒక్కటే మీ చేతికి వస్తుంది. అది కేవలం చిరాకు కాదు, ఊడిన బ్లేడు కాలి మీద పడే ప్రమాదం. తర్వాత బ్లేడును పక్కలకు ఒత్తి చూడండి. కొద్దిగా కదలడం చవక రకాల్లో సహజమే గాని, చెవి దగ్గర పెట్టుకుని కదిపితే లొడలొడ చప్పుడు వినిపించేదాన్ని పక్కన పెట్టేయండి.

మందం విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని నాసి బ్లేడ్లు 0.6 కన్నా పలుచగా ఉంటాయి. కట్టర్‌తో పాటు వచ్చిన బ్లేడు అలాంటిదైతే దవడ మంచిదైనా వదులుగా అనిపిస్తుంది, మంచి బ్లేడు వేసి చూస్తే ఆ వదులు పోతుంది. కాబట్టి మీకు తెలిసిన మంచి బ్లేడు ఒకటి అట్ట ముక్కలో చుట్టి వెంట తీసుకువెళ్లి, చూసే ప్రతి కట్టర్‌లోనూ అదే వేసి చూడటం ఉత్తమం. అప్పుడు మీరు పోలుస్తున్నది పిడిని మాత్రమే అవుతుంది.

నాల్గవ అడుగు: లాక్, మడత, మూసినప్పటి స్థితి

చవక మడత కట్టర్లలో ఎక్కువగా కనిపించేది లోపలి రేకు లాక్. పిడి లోపల ఉన్న పలుచని ఉక్కు రేకు ఒక పక్క స్ప్రింగులా వంగి ఉంటుంది. దవడ పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు పక్కకు జరిగి దవడ మడమ (ఇరుసు వైపు చివర) వెనుక అడ్డంగా నిలుస్తుంది. బొటనవేలితో దాన్ని పక్కకు తోస్తే గాని కట్టర్ మడతపడదు. ఇక్కడ చూడవలసినది ఆ రేకు మడమ వెనుక ఎంత మేరకు చేరిందన్నది. మడమ మందంలో కనీసం పావు వంతు నుంచి సగం దాకా రేకు ఆక్రమించాలి. అంచును మాత్రమే తాకి నిలిచిందంటే కొత్తలోనే అది జారే స్థితిలో ఉన్నట్టు. రెండవ పక్క రేకుకు తగిలేంత దూరం వెళ్లిపోయినా మంచిది కాదు, అరుగుదలకు ఇక చోటు మిగలలేదని దాని అర్థం. పిడి వీపు మీద నొక్కి మూసే వీపు లాక్ కొంచెం బిగుతుగా ఉంటుంది గాని మూసేటప్పుడు వేళ్లు బ్లేడు దారిలో ఉండవు కాబట్టి కొత్తవారికి అది మేలు. పక్కన బొత్తాం నొక్కి తెరిచే రకం ఒంటి చేత్తో వాడుకోవడానికి సుఖంగా ఉంటుంది. నిచ్చెన మీద ఒక చేత్తో పట్టుకుని పనిచేసేవారికి ఆ సుఖం నిజంగా అవసరమే. ఇంట్లో పార్సిళ్లు విప్పేవారు దానికోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

లాక్ పరీక్ష బ్లేడు తీసివేసి చేయాలి. ఖాళీ దవడను తెరిచి, దాని వీపును బల్ల అంచుకు ఆనించి, పిడిని అరచేతితో క్రమంగా ఒత్తండి. వేళ్లు మడత దారిలోకి రాకుండా పిడి పక్కలనే పట్టుకోవాలి. ఒక్కసారి గట్టిగా కొట్టి చూడటం కన్నా నెమ్మదిగా ఒత్తిడి పెంచడమే నిజమైన వాడకానికి దగ్గరగా ఉంటుంది. లాక్ జారితే ఆ కట్టర్‌ను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. ఈ ఒక్క విషయంలో రాజీ పడటానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే లాక్ లేని మడత కత్తి అని తెలిసి వాడేవాడు జాగ్రత్తగా ఉంటాడు, లాక్ ఉందని నమ్మి బలం పెట్టినవాడికే వేళ్లు తెగుతాయి.

తర్వాత బ్లేడు వేసి మూసి, కట్టర్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని పక్క నుంచి చూడండి. బ్లేడు అంచుగాని మొనగాని పిడి గీత దాటి వెంట్రుకవాసి కూడా బయటికి కనిపించకూడదు. మూసిన స్థితిలో తలకిందులు చేసి మణికట్టుతో విదిల్చితే తెరుచుకోకూడదు. జేబులో తాళాల మధ్య పడి ఉండే వస్తువుకు ఈ పరీక్ష తప్పనిసరి.

ఐదవ అడుగు: పిడి, క్లిప్, అదనపు హంగులు

పూర్తి ఉక్కు పిడి బరువుగా ఉంటుంది, ఎండలో కాలుతుంది, చెమట చేతిలో జారుతుంది. అల్యూమినియం తేలిక. ప్లాస్టిక్, రబ్బరు పూత ఉన్నవి చేతికి బాగుంటాయి గాని చవక రబ్బరు రెండు వేసవులు గడిచేసరికి జిగటగా మారడం మామూలే. ఏ పిడి అయినా కరెంటు నుంచి రక్షణ ఇస్తుందని అనుకోవద్దు. ఈ కట్టర్లు కరెంటును ఆపేలా తయారైనవి కావు కాబట్టి మెయిన్ ఆపకుండా వైరు మీద కట్టర్ పెట్టకూడదు.

జేబు క్లిప్ స్క్రూలతో బిగించి ఉంటే ఊడినప్పుడు మళ్లీ బిగించుకోవచ్చు, రివిట్ అయితే ఊడిందంటే ఊడినట్టే. పిడిలో అదనపు బ్లేడ్లు దాచుకునే గూడు ఉపయోగకరం. మూసి ఉన్నప్పుడే తాడు తెంపడానికి పనికొచ్చే చిన్న కొక్కెం గాడి కొన్నిటిలో ఉంటుంది, పార్సిళ్ల పట్టీలు తెంపేవారికి అది నిజంగా ఉపయోగమే. స్క్రూ డ్రైవర్, సీసా మూత తీసే మలుపు, చిన్న టార్చి వంటివి చేర్చిన రకాలకు నేను ఓటు వేయను. ఆ డబ్బు దవడ మీద ఖర్చు పెట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఆరవ అడుగు: ఇంట్లో కోసి పోల్చడం

రెండు మూడు కట్టర్లు చేతికి వచ్చాక అన్నిటిలోనూ ఒకే డబ్బాలోని కొత్త బ్లేడ్లు వేయండి. ఒకే రకం మూడు పొరల అట్టపెట్టెను తీసుకుని, మొదట అట్ట లోపలి మడతల వెంబడి, తర్వాత వాటికి అడ్డంగా కోయండి. అడ్డంగా కోసినప్పుడు గాలి గొట్టాల్లాంటి ఆ మడతలు నలగకుండా, కోత అంచున గుండ్రటి నోళ్లు స్పష్టంగా కనిపిస్తే బ్లేడు స్థిరంగా నిలబడినట్టు. నలిగి మూసుకుపోతే పదును తగ్గినట్టో, బ్లేడు దవడలో అటూ ఇటూ ఊగుతున్నట్టో తెలుసుకోవాలి. బ్లేడ్లన్నిటి పదునూ ఒకటే కాబట్టి, అదే బ్లేడు మరో పిడిలో బాగా కోస్తే తప్పు పిడిదేనని తేలిపోతుంది. పది పొడవాటి కోతల తర్వాత బ్లేడు మీది మార్కర్ గీత కదిలిందేమో మళ్లీ చూడండి.

ఆ తర్వాత బొటనవేలు లావున్న కొబ్బరి తాడును చెక్క మీద పెట్టి ఒత్తి కోయండి. ఇక్కడ పిడి చేతికి ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుస్తుంది. బిందు సేద్యం చేసే రైతుల దగ్గర 16 మిల్లీమీటర్ల గొట్టం ముక్కలు ఉంటాయి కాబట్టి వాటిని అడ్డంగా కోసి చూడటం పట్టుకు మంచి పరీక్ష. కోత మధ్యలో ప్లాస్టిక్ బ్లేడును రెండు వైపులా నొక్కి పట్టేస్తుంది, అప్పుడు వెనక్కి లాగితే దవడ బలం బయటపడుతుంది. చివరగా దినపత్రిక ఒకటి గాలిలో పట్టుకుని బ్లేడుతో కోయండి. చిరగకుండా జారిపోతే పదును ఇంకా ఉన్నట్టు, అంచున పీచు లేస్తే తగ్గినట్టు.

బ్లేడు మార్చడం కూడా పరీక్షలో భాగమే. రబ్బరు పూత ఉన్న పని గ్లౌజులు తొడుక్కుని, తొందర లేకుండా ఒకసారి మార్చి చూడండి. బ్లేడు పదును వైపు పట్టుకుంటే తప్ప బయటికి రాని కట్టర్ ఏదైనా ఉంటే దాన్ని జాబితా అడుగుకు దించండి.

ఏడవ అడుగు: బ్లేడ్ల లెక్క

పిడి తేలాక బ్లేడ్లను పోల్చాలి, ఈసారి పిడి ఒకటే ఉంచి బ్లేడ్లు మార్చాలి. చవక డబ్బాల మీద ఎస్‌కే5 అని తరచూ కనిపిస్తుంది. అది జపాన్ ప్రమాణాల ప్రకారం సుమారు 0.8 నుంచి 0.9 శాతం కార్బన్ ఉన్న పనిముట్ల ఉక్కు, కొత్త పేరు ఎస్‌కే85. నిజంగా ఆ ఉక్కే అయి, సరిగా వేడి చేసి చల్లార్చి ఉంటే ఇంటి పనులకు అది చాలు. అయితే డబ్బా మీది అక్షరాలను గుడ్డిగా నమ్మలేము కాబట్టే పైన చెప్పిన అట్ట పరీక్ష అవసరమవుతుంది. పసుపు బంగారు రంగు పూత ఉన్నవి టైటానియం నైట్రైడ్ పూత అని చెప్పి అమ్ముతారు. అసలైన పూత అరుగుదలను తగ్గిస్తుంది గాని కేవలం రంగు అయితే ప్రయోజనం లేదు.

బైమెటల్ బ్లేడ్లలో పదును అంచు గట్టి హైస్పీడ్ స్టీల్‌తో, వీపు వంగే గుణమున్న స్ప్రింగు ఉక్కుతో చేసి రెండిటినీ అతుకుతారు. పక్కకు ఒత్తిడి పడినప్పుడు మామూలు కార్బన్ బ్లేడు పెళుసుగా విరిగే చోట ఇది వంగుతుంది, ముక్కలు కంటికి ఎగిరే ప్రమాదం తగ్గుతుంది. వీటి ధర ఎక్కువ కాబట్టి లెక్క ఇలా వేసుకోవాలి. 10 మామూలు బ్లేడ్ల డబ్బా 150 రూపాయలు అనుకుందాం. ఒక్కో బ్లేడును తిప్పి వేసుకుంటే రెండు కొసలు, మొత్తం 20 కొసలు, ఒక్కోటి ఏడున్నర రూపాయలు పడుతుంది. అన్నే బ్లేడ్లున్న బైమెటల్ డబ్బా 400 రూపాయలు అయితే కొస 20 రూపాయలు. అంటే అది సుమారు 2.7 రెట్లకు మించి ఎక్కువ కాలం కోస్తేనే గిట్టుబాటు. నెలకు పది పార్సిళ్లు విప్పే ఇంటికి ఈ ఖర్చు అక్కరలేదు. రోజంతా ఫాల్స్ సీలింగ్ పనిలో, కార్పెట్ పనిలో ఉండేవారికి అది ఆదాయే.

కొక్కెం ఆకారపు బ్లేడు ఒకటి డబ్బాలో ఉంచుకోవడం మంచిది. ప్లాస్టిక్ పట్టీలను, బట్టల పార్సిల్ కవర్లను లోపలి సరుకుకు తగలకుండా అది లాగి కోస్తుంది. చీరల మూటలు విప్పే దుకాణదారులకు ఇంతకన్నా ఉపయోగకరమైన సలహా నా దగ్గర లేదు. పిల్లలున్న ఇళ్లకు మొన గుండ్రంగా ఉన్న బ్లేడ్లు కూడా దొరుకుతాయి.

ఎనిమిదవ అడుగు: వాడకం, సంరక్షణ, పారవేయడం

కోత దారిలో రెండవ చెయ్యి గాని తొడ గాని ఉండకూడదు. ఒకే దెబ్బకు లోతుగా కోయడం కన్నా తేలికగా రెండు మూడుసార్లు గీయడం వల్ల గీత నిటారుగా వస్తుంది, జారడం తగ్గుతుంది. మూత తీయడానికో మేకు లేపడానికో బ్లేడును మెలితిప్పకూడదు, 0.6 మిల్లీమీటర్ల ఉక్కు ఆ పనికి పుట్టలేదు. పదును తగ్గిందని తెలిసిన వెంటనే బ్లేడు తిప్పి వేయాలి. మొద్దు బ్లేడుకు ఎక్కువ బలం పెడతాము, ఎక్కువ బలమే చెయ్యి జారడానికి కారణం.

టేపు జిగురు అంటుకుంటే గుడ్డ మీద కొద్దిగా కొబ్బరి నూనె వేసి బ్లేడు వీపు వైపు నుంచి పదును వైపుకు తుడవాలి, తర్వాత పొడి గుడ్డతో నూనె తీసేయాలి. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కార్బన్ బ్లేడ్లు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి వాటిని అవి వచ్చిన నూనె కాగితంలోనే, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉంచాలి. ఇరుసులో ఒక చుక్క కుట్టుమిషన్ నూనె చాలు. లోపలి రేకు లాక్ చేరే చోట జేబు నూలు, అట్ట పొడి పేరుకుంటే రేకు పూర్తిగా నిలవదు. పాత టూత్‌బ్రష్‌తో నెలకోసారి శుభ్రం చేస్తే కొత్తలో చూసిన ఆ పావు వంతు పట్టు అలాగే ఉంటుంది.

వాడేసిన బ్లేడ్లను చెత్తబుట్టలో విడిగా వేయడం చెత్త ఎత్తే కార్మికుల చేతులను కోయడంతో సమానం. మూతకు సన్నని గీత చేసిన పాత రేకు డబ్బా ఒకటి పెట్టుకుని అందులో వేస్తూ, నిండాక మూత చుట్టూ టేపు చుట్టి, పైన బ్లేడ్లు అని పెద్ద అక్షరాలతో రాసి పాత ఇనుము కొనేవారికి చెప్పి ఇవ్వాలి.

తొమ్మిదవ అడుగు: వెంట తీసుకువెళ్లేటప్పుడు చట్టం

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నియమాలు 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగు ఉన్న కత్తులను ఆయుధాల్లో చేర్చి, ఇంటి పనులకు, వ్యవసాయానికి, పరిశ్రమకు తయారైనవాటిని మినహాయించాయి. మడత కట్టర్ ఈ కొలతలకు చాలా దూరంలో ఉంటుంది. ఢిల్లీలో ఉండే తెలుగువారు మాత్రం అక్కడి 1980 నోటిఫికేషన్‌ను గుర్తుంచుకోవాలి. స్ప్రింగు, బొత్తాం వంటి యంత్రాంగంతో తెరుచుకునే కత్తులకు 7.62 సెంటీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ పొడవు, దానితో పాటు 1.72 సెంటీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ వెడల్పు అన్న హద్దును అది పెట్టింది. మామూలు కట్టర్ బ్లేడు వెడల్పు ఆ హద్దును దాటినా, మొత్తం పొడవే దాదాపు 6 సెంటీమీటర్లు కాబట్టి అది ఆ హద్దుకు లోబడే ఉంటుంది, పొడవాటి బొత్తాం చాకులు కొనేవారే జాగ్రత్త పడాలి.

బ్రిటన్‌లో నియమం మరింత కఠినం. 1988 నాటి చట్టం ప్రకారం 3 అంగుళాలకు మించని పదును ఉన్న మడత జేబు చాకును కారణం చెప్పకుండా వెంట ఉంచుకోవచ్చు గాని, తెరిచాక లాక్ పడేదాన్ని అక్కడి న్యాయస్థానాలు మడత చాకుగా పరిగణించవు. మనం ఇంతసేపు లాక్ మంచిదేనా అని పరీక్షించిన కట్టర్లన్నీ ఆ లెక్కలోకే వస్తాయి కాబట్టి, పని మీద వెళుతున్నామన్న సరైన కారణం లేకుండా అక్కడ వాటిని జేబులో వేసుకుని బయట తిరగకూడదు. అమెరికాలో నియమాలు రాష్ట్రానికీ నగరానికీ మారతాయి, ఉండే చోటి నియమం చూసుకోవాలి.

విమానంలో చేతి సంచిలో కట్టర్ అనుమతించరు, చెక్-ఇన్ సామానులో పెట్టుకోవచ్చు. ప్రయాణానికి ముందు బ్యాగు పక్క జేబులతో పాటు పిడి గూటిలో దాచిన అదనపు బ్లేడ్లనూ, పర్సులో అట్ట మధ్య పెట్టుకున్న విడి బ్లేడునూ తీసి చూసుకోండి. తనిఖీలో అవి కూడా కట్టర్ కిందే లెక్క.